సుడిగాలికి డ్రైవర్ ఉండడు

లారీలకు వాతావరణం పేర్లు పెట్టడం కన్నా గొప్ప ప్రజాసేవ ఈ దేశంలో ఇంతవరకూ జరగలేదని నా గట్టి నమ్మకం. నవ్వకండి! నేను గోదావరిఖనిలో ఉంటాను. మా దగ్గర నవ్వడానికి నోరు తెరిస్తే బొగ్గు దుమ్ము లోపలికి పోతుంది. అందుకే మేం ఏ విషయమైనా సీరియస్‌గానే మాట్లాడతాం.

పెద్ద పెద్ద దేశాలు ఈ సంగతి ఎప్పుడో గ్రహించాయి. యుద్ధ విమానాలకు హరికేన్ అని, టైఫూన్ అని పేర్లు పెట్టుకున్నాయి. ఓడలకు తుఫానుల పేర్లు పెట్టి, తుఫానుల్లోకే పంపించాయి. ఆకాశంలో ఎగిరేదానికీ, సముద్రంలో తేలేదానికీ దక్కిన గౌరవం నేల మీద బొగ్గు మోసే టిప్పర్‌కు దక్కొద్దా? టిప్పర్ ఏం పాపం చేసింది?

(చేసిన పాపం సంగతి కాస్త ఆగి చెబుతాను.)

ఈ లోటు తీర్చిన మహానుభావుడు రుత్విక్ గారు. పంచభూత క్యారియర్స్ అనే కాంట్రాక్టు కంపెనీకి మేనేజర్. గని దగ్గర్నుంచి రైలు పెట్టెల్లోకి సరుకెక్కించే సైడింగు దాకా బొగ్గు తోలేవి ఆ కంపెనీ టిప్పర్లే. తోలే దారి మా కాలనీ మధ్య నుంచే. బొగ్గు బండ్లకు వేరే రోడ్డు వేస్తామని ఎప్పుడో మాట ఇచ్చారు. రోడ్డు రాలేదు గానీ రుత్విక్ గారు వచ్చారు. మేం సర్దుకున్నాం.

ఆయన రాక ముందు మా టిప్పర్లకు నంబర్లే ఉండేవి. ఎంత అనాగరికం! అంత పెద్ద బండిని పట్టుకుని జైల్లో ఖైదీని పిలిచినట్టు నంబరుతో పిలుస్తారా? రుత్విక్ గారు పెయింటర్ మొయినుద్దీన్‌ను పిలిపించి, ఒక్కో టిప్పర్ నుదుటి మీద ఒక్కో పేరు రాయించారు. సుడిగాలి, పిడుగు, ఉరుము, వడగాలి, కుండపోత, పొగమంచు. పసుపు అక్షరాలు, ఎర్రటి అంచు, కొమ్ములకు మెలికలు. పేరు ఇంత అందంగా కనబడుతుంటే ఇక నంబరు ప్లేటు తుడవాల్సిన పని ఎవరికుంది? అది దుమ్ము కింద హాయిగా పడుకుంది.

లాభాలు ఒకటా రెండా! మా కాలనీకి వాతావరణ శాఖతో పనిలేదు. పొద్దున వాకిట్లో నిలబడితే పళ్లు తోముకునే లోపే అన్ని కాలాలూ కళ్ల ముందు నుంచి పోతాయి. ఈ సౌకర్యం ఏ దేశంలో ఉంది చెప్పండి?

మా పక్కింటి నాజియా టీచర్ ఒకరోజు బడికి ఆలస్యంగా వెళ్లి, "పొగమంచు అడ్డమొచ్చింది సార్" అందట. ఎండ నెత్తి మాడ్చేస్తుంటే పొగమంచేమిటని హెడ్‌మాస్టర్ గుడ్లురిమాడు. కిటికీలోంచి చూశాడు. టైరు పగిలి, రోడ్డుకు అడ్డంగా పడి ఉంది పొగమంచు. పాపం, ఆయనే సారీ చెప్పాడు.

కుండపోత సంగతి ఇంకా ముచ్చట. అది మా వీధిలో కురవని రోజు లేదు. కాకపోతే నీటి చుక్కలకు బదులు బొగ్గు పెళ్లలు రాలతాయి. గొడుగు వేసుకుంటే గొడుగుకు చిల్లు పడుతుంది. అయితేనేం? కురిసిందా లేదా?

వీటన్నిటినీ మించిన లాభం ఇంకొకటి ఉంది. అది నాకు సారవ్వక్క హోటల్ కూలిపోయిన రోజున తెలిసింది.

సారవ్వక్కది మా మలుపు దగ్గర చిన్న చాయ్ హోటల్. రేకుల కప్పు, తడికెల గోడ, ఒక పొయ్యి, రెండు బల్లలు. మొదటి షిఫ్టుకు పోయే ప్రతి కార్మికుడూ అక్కడ ఆగి ఒక గ్లాసు తాగితే గానీ బాయి వైపు, అంటే గని వైపు, కాలు కదపడు. ఆమె భర్త సదయ్య బావ జీవితమంతా బాయిలో పనిచేసి రిటైరైనవాడు. భూమి అడుగున పైకప్పు కూలినా, బండలు జారినా ఆయన ఒంటి మీద గీత పడలేదు. రిటైరయ్యాక హోటల్ ముందు స్టూలు మీద కూర్చుని, పైలోకంలో ప్రమాదాలు ఉండవన్న ధీమాతో చాయ్ తాగేవాడు.

ఏప్రిల్ నెల. పొద్దు అప్పుడే పొడిచింది. గాలి అన్నదే లేదు. తీగ మీద ఆరేసిన బట్ట కదలడం లేదు. నేను గ్లాసు అందుకుని ఊదుకుంటున్నాను. అప్పుడు వచ్చింది సుడిగాలి.

నిండా బొగ్గుతో వచ్చింది. మలుపు దగ్గర రోడ్డు తిరిగింది గానీ సుడిగాలి తిరగలేదు. తిన్నగా హోటల్‌లోకి వచ్చేసింది. రేకులు ఎగిరాయి. తడికెలు పడిపోయాయి. పొయ్యి, పాలగిన్నె, బిస్కెట్ల సీసాలు టైర్ల కిందికి పోయాయి. వెనకాల మట్టిగుట్టకు ఆనుకుని బండి ఆగింది. మొదటి షిఫ్టు వాళ్లు అప్పుడే చాయ్ తాగి వెళ్లిపోవడం వల్ల ప్రాణాలు పోలేదు. స్టూలు మీద నుంచి ఎగిరిపడ్డ సదయ్య బావ మాత్రం మోచెయ్యి పట్టుకుని కింద మూలుగుతున్నాడు.

సారవ్వక్క ముందు మొగుణ్ణి లేపి కూర్చోబెట్టింది. తర్వాత బండి వైపు తిరిగింది. డ్రైవర్ పోశం దిగుతున్నాడు. రోజూ ఆమె దగ్గరే చాయ్ తాగే మనిషి. ఇంటి దగ్గర పెళ్లాం, చిన్నపిల్ల.

"నిద్రపోయినవా?" అని అడిగింది సారవ్వక్క.

పోశం అబద్ధం చెప్పలేదు. "పోయిన అవ్వా. రాత్రి షిఫ్టు దిగంగనే మళ్ల పొద్దటి షిఫ్టు ఎక్కిచ్చిండ్రు. ఎక్కనంటె రేపటి సంది రావద్దన్నరు. మలుపు కాడికి వచ్చినట్టే యాదిలేదు."

ఆమె చెయ్యి లేచింది. కొడుతుందనుకున్నాను. ఆ చెయ్యి అట్లాగే కాసేపు గాలిలో ఉండి, కిందికి దిగింది.

"పో, మొఖం కడుక్కో" అంది.

ఆటో గులాం అలీ సదయ్య బావను దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెంట వెళ్లాను. డాక్టర్ చెయ్యి పట్టుకుని చూస్తూ, "ఎట్ల తగిలింది?" అన్నాడు.

"సుడిగాలి కొట్టింది సారూ" అన్నాడు బావ. నిజం చెప్పే మనిషి.

డాక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. "సుడిగాలా? ఎప్పుడొచ్చింది?"

"రోజూ వస్తది సారూ. ఇయ్యాల మలుపు కాడ మర్లలే."

డాక్టర్ చీటీ మీద అట్లాగే రాశాడు. మోచెయ్యి విరిగింది, కారణం సుడిగాలి.

అసలు మహిమ అప్పుడు మొదలైంది. మేం దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికే కంపెనీ వాళ్లు సుడిగాలిని అక్కణ్ణుంచి లాక్కుపోయారు. మర్నాడు పేపర్ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వచ్చింది: "గోదావరిఖనిలో సుడిగాలి బీభత్సం. నేలమట్టమైన హోటల్. ఒకరికి గాయాలు." ఎవరో ఫోన్లో చెప్పింది విని ఎవరో రాశారు. రాసినవాళ్ల తప్పేముంది? ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు!

మందమర్రి నుంచి సారవ్వక్క కూతురు జమున ఏడుస్తూ ఫోన్ చేసింది.

"అవ్వా, గాలికి ఇల్లు గిట్ల ఎగిరిపోయిందా?"

"ఇల్లు కాదు బిడ్డా, హోటలు. గాలి కాదు, లారి."

"లారి గాలికి ఎగిరొచ్చిందా? అంత గాలి వచ్చిందా అవ్వా!"

సారవ్వక్క ఫోన్ నా చేతికిచ్చింది. నేను చెప్పబోయాను. నేను చెప్పేకొద్దీ అటువైపు గాలి పెద్దదవుతూ పోయింది. చివరికి "మీరందరు పైలంగ ఇండ్లల్లనే ఉండుండ్రి" అని జమునే మాకు ధైర్యం చెప్పి పెట్టేసింది.

ఒక చోటా నాయకుడు కూడా వచ్చాడు. కూలిన రేకుల మధ్య నిలబడి, ఆకాశం వైపు చూసి దండం పెట్టాడు. సారవ్వక్క భుజం మీద దుప్పటి కప్పి ఫొటో దిగాడు. ఏప్రిల్ ఎండల్లో దుప్పటి! ప్రకృతి మీద ఆయనకున్న గౌరవం అలాంటిది.

మూడో రోజు సారవ్వక్క నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు బయల్దేరింది. ఏ స్టేషనో చెప్పను. నేను ఈ ఊళ్లోనే ఉండాలి. ఎస్సై మంచివాడే. కుర్చీ వేయించాడు.

"ఎవరి మీద పెడ్తవవ్వా కేసు?"

"సుడిగాలి మీద సారూ."

ఎస్సై బల్ల మీదున్న పేపర్ ఆమె ముందుకు జరిపాడు. "ఇదిగో, పేపర్ల గూడ వచ్చింది. దవాఖాన చీటిల గూడ అదే ఉన్నది. గాలి మీద కేసెట్ల పెట్టాలె? ఎమ్మార్వో ఆఫీసుకు పో. అది ఆళ్ల డిపార్ట్‌మెంటు."

"గాలి కాదు సారూ, టిప్పరు."

"నంబరెంత?"

"దుమ్ముండె. పేరే కనిపిచ్చింది."

"పేరు?"

"సుడిగాలి."

ఎస్సై నా వైపు జాలిగా చూశాడు. ముసలావిడకు దెబ్బ తలకు కూడా తగిలిందేమో అన్నట్టు.

ఎమ్మార్వో ఆఫీసులో గుమస్తా కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఆ రోజు గాలే లేదమ్మా. వాతావరణం పొడిగ ఉన్నది. సుడిగాలి వచ్చినట్టు ఎక్కడ లేదు."

"మరి నా హోటలెట్ల కూలింది?"

"లారి గుద్దిందేమో. లారి గుద్దితె పోలీసోళ్ల దగ్గరికి పోవాలె గద?"

పోలీసుల దగ్గర అది గాలి. రెవెన్యూ దగ్గర అది లారీ. మళ్లీ అటు వెళ్తే గాలి, ఇటు వస్తే లారీ. ఎంత చక్కని ఏర్పాటు! ఏ ఆఫీసు మీదా బరువు పడలేదు. "అక్కా, ఈ తొవ్వ నా ఆటోకు నోటికొచ్చింది. హ్యాండిల్ ఇడిసిపెట్టినా అదే పోతది" అన్నాడు గులాం అలీ.

ఇక మిగిలింది పంచభూత ఆఫీసు. రుత్విక్ గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. చల్లటి నీళ్లు తెప్పించారు. అంత మర్యాద నేనెక్కడా చూడలేదు.

"చాలా బాధగా ఉందమ్మా. పేపర్లో చదివాను. కానీ నేచర్‌ను మనం కంట్రోల్ చేయలేం కదా!"

సారవ్వక్క నీళ్లు ముట్టలేదు. "నీ బండి గద సారూ గుద్దింది?"

"మా రికార్డు ప్రకారం ఆ పొద్దున మా బండి ఏదీ ఎక్కడా ఆగలేదమ్మా. అన్నీ టైముకు సైడింగు చేరాయి."

అప్పుడే తలుపు దగ్గర నుంచి పోశం లోపలికి తొంగి చూశాడు. "సార్, ఆ పొద్దటి డ్యూటీ నా హాజరుల ఎక్కలే. ఇయ్యాల గూడ బండి ఇయ్యలే."

రుత్విక్ గారు నవ్వారు. ఆ నవ్వులో ఎంత ఓపిక! "ఆ పొద్దున సుడిగాలికి డ్రైవర్ ఎవరూ లేరు పోశం. సుడిగాలికి డ్రైవర్ ఉండడు."

పాఠకులారా, ఇందులో ఉన్న మానవత్వం గమనించారా? హోటల్ కూల్చినవాణ్ణి ఒక్క మాటతో నిర్దోషిని చేసేశారు. కేసు లేదు, జైలు లేదు. కాకపోతే లేని మనిషికి డ్యూటీ ఇవ్వడం కుదరదు కాబట్టి ఉద్యోగం కూడా లేదు. అది చిన్న విషయం.

బయట వేపచెట్టు నీడలో పోశం తల దించుకుని నిలబడ్డాడు. సారవ్వక్క ఆగింది.

"ఏందిరా, నువ్వు లేవంట గద?"

"లేనంట అవ్వా."

"మరి నా హోటల్లకు తోలుకొచ్చిందెవడు?"

"నేనే అవ్వా."

"అయితె ఉన్నవు. పొద్దున ఇంటికి రా. పని ఉన్నది."

ఆ పని ఏమిటో నాకు కూడా చెప్పలేదు. కూరగాయలమ్మే యమున దగ్గర వాడకుండా పడి ఉన్న తోపుడుబండిని అడిగి తెచ్చుకుంది. పోశం దానికి చక్రాలు బిగించాడు. ఒక పొయ్యి, పాలగిన్నె, గ్లాసులు ఎక్కించారు. తర్వాత బండిని మొయినుద్దీన్ షెడ్డు ముందుకు తోసుకెళ్లింది.

"దీనికి పేరు రాయి మొయినూ."

"ఏం పేరు అక్కా? సారవ్వ టీ స్టాలా?"

"కాదు. టీవీల చెప్తరు సూడు, బంగాళాఖాతంల పడ్డది, పడ్డదని. అది అంటె అందరు భయపడ్తరు."

మొయినుద్దీన్ బ్రష్‌తో చెవి గోక్కున్నాడు. "అల్పపీడనమా?"

"ఆఁ, గదే. పెద్దగ రాయి. ఆళ్ల బండ్లకు రాసినట్టె రాయి."

అదే పసుపు, అదే ఎర్రటి అంచు. మొయినుద్దీన్ రాసిన పేర్లన్నిటిలో అదే ముద్దుగా కుదిరిందని నా అభిప్రాయం.

తెల్లారి టిప్పర్లు బయటికొచ్చే వేళకు పంచభూత గేటు ముందు, సరిగ్గా రోడ్డు నడుమ, అల్పపీడనం నిలబడి ఉంది. పొయ్యి వెలిగింది. చాయ్ పొంగుతోంది. పోశం గ్లాసులు కడుగుతున్నాడు. సదయ్య బావ చేతికి కట్టుతో స్టూలు మీద. కాలనీ ఆడవాళ్లు నలుగురైదుగురు కొంగులు బిగించి చుట్టూ నిలబడ్డారు. నాజియా టీచర్ బడికి పోతూ పోతూ ఆగిపోయింది. నేను ఒక నిష్పాక్షిక పరిశీలకుడిగా వెళ్లాను. చాయ్ కూడా అక్కడే దొరుకుతుంది కాబట్టి.

గేటులోంచి మొదట పిడుగు వచ్చింది. హారన్ కొట్టింది. అల్పపీడనం కదల్లేదు. పిడుగు వెనక ఉరుము, దాని వెనక వడగాలి, కుండపోత, పొగమంచు. ఒకదాని వెనక ఒకటి ముక్కులు ఆనించి నిలబడ్డాయి. వాతావరణం మొత్తం స్తంభించిపోయింది! కాసేపటికి డ్రైవర్లు ఇంజన్లు ఆపి, దిగి వచ్చి చాయ్ అడిగారు.

వాచ్‌మన్ కొమురెల్లి పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, బండి తియ్యి! సారు వస్తుండు."

"బండి కాదు కొమురెల్లీ. ఏం రాసున్నదో సదువు."

"అల్ప... పీడనం."

"మరి? అది తీస్తె పోతదా? దానంతటదె బలహీనపడాలె. టీవీల సూస్తలేవా?"

కొమురెల్లి ఆలోచనలో పడ్డాడు. టీవీ చూస్తాడు పాపం.

ఎవరో ఫోన్ చేస్తే ఎస్సై జీపులో వచ్చాడు. ఎర్రగా చూశాడు. "ఏందవ్వా ఇది? రోడ్డు బంద్ చేస్తవా?"

"నాకేం ఎరుక సారూ? సముద్రంల పుట్టిందట. ఈడిదాంక వచ్చి నిలవడ్డది."

"పరాచికాలా? కేసు పెడ్త!"

"ఎవరి మీద సారూ? అల్పపీడనం మీదనా?" అంది సారవ్వక్క. గొంతు పెంచలేదు. "పెట్టరాదని మీరే చెప్తిరి గద. ఎమ్మార్వో ఆఫీసుకు పోండ్రి. అది ఆళ్ల డిపార్ట్‌మెంటు."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎస్సై తోపుడుబండి మీది పేరు చూశాడు. గేటులో నిలబడ్డ పిడుగు మీది పేరు చూశాడు. మళ్లీ తోపుడుబండి చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, "ఒక చాయ్ పొయ్యి" అన్నాడు.

అంతలో రుత్విక్ గారు వచ్చారు. ఎప్పుడూ నలగని చొక్కా ఆ రోజు కాస్త నలిగింది. సైడింగులో రైలు పెట్టెలు ఖాళీగా ఎదురుచూస్తున్నాయని ఫోన్ మీద ఫోన్ మోగుతోంది.

"అమ్మా, ఇది చట్టవిరుద్ధం. మీ బండి వెంటనే తీసేయండి."

"బండా? బండి యాడున్నది సారూ? ఇది అల్పపీడనం."

"పేరేదైతే ఏంటమ్మా! ఏ పేరు పెట్టినా బండి బండే కదా!"

అన్న తర్వాత ఆయనకే వినబడింది తానేమన్నాడో. పొయ్యి మీద పాలు బుసబుసమన్నాయి.

"మళ్లొక్కసారి చెప్పు సారూ" అంది సారవ్వక్క. "మా ఆయనకు చెవుడు. గట్టిగ చెప్పు."

సదయ్య బావకు చెవుడు లేదు. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, విరగని చెయ్యి.

ఫోన్ మళ్లీ మోగింది. రుత్విక్ గారు దాన్ని చూసి, టిప్పర్ల వరస చూసి, చివరికి, "బండి బండే" అన్నారు.

"మరి నా హోటల్ను గుద్దింది?"

"బండే."

"ఎవరి బండి?"

"మా బండే."

ఎస్సై గ్లాసు కింద పెట్టాడు. "అట్ల చెప్పుండ్రి సార్. ఇప్పుడు నంబరు చెప్పుండ్రి."

కథ ఇక్కడితో అయిపోయిందని నేనూ అనుకున్నాను. కానీ రుత్విక్ గారిని అంత తక్కువ అంచనా వేయకూడదు. పక్కకు వెళ్లి ఫోన్‌లో రెండు మాటలు మాట్లాడి, మళ్లీ నవ్వుముఖంతో వచ్చారు.

"ఓకే. బండి మాదే. తప్పు డ్రైవర్‌ది. పోశం నిద్రపోయాడు. అతని మీద కేసు పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు."

చూశారా! అన్ని రోజులుగా లేని మనిషి ఒక్క క్షణంలో పుట్టాడు. పుట్టగానే నేరస్తుడయ్యాడు. గాలిగా ఉన్నన్నాళ్లూ ఎవరి తప్పూ లేదు. లారీ అవగానే తప్పంతా ఆ కంపెనీలో అందరికన్నా తక్కువ జీతం ఉన్నవాడిది!

పోశం కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టి లేచాడు. లుంగీకి చేతులు తుడుచుకున్నాడు. "నిజమే సారూ. నిద్రపోయిన" అని ఎస్సై ముందుకు వచ్చి నిలబడ్డాడు.

సారవ్వక్క బండి తీయలేదు. గిన్నెలో మరిన్ని పాలు పోసింది.

"సారూ, వాడు నిద్రపోయిండు. కాదంటలేను. నా మొగని చెయ్యి ఇరిగింది, నా పొయ్యి పాయె. ఆ దినం వాన్ని కొట్టబోయిన. గని ఒక్కటడుగుండ్రి. రాత్రి షిఫ్టు దిగినోన్ని పొద్దటి షిఫ్టు ఎక్కిచ్చిందెవరు? ఎక్కనంటె రావద్దన్నదెవరు? ఆ పేరు రాసుకోండ్రి ముందు."

అప్పుడు పిడుగు డ్రైవర్, నెరిసిన గడ్డం మనిషి, చాయ్ గ్లాసు పట్టుకునే అన్నాడు. "నేను గూడ అంతే సారూ. నిన్న పొద్దటి సంది ఇంటికి పోలే."

"నేను సైడింగు కాడ లైన్ల నిలవడ్డప్పుడే కండ్లు మూస్త" అన్నాడు కుండపోత డ్రైవర్. "ఎనకోడు హారన్ కొడ్తె లేస్త."

వడగాలి డ్రైవర్ ఏమీ అనలేదు. ఎందుకంటే ఆయన స్టీరింగు మీద తలపెట్టి అప్పటికే నిద్రపోతున్నాడు.

మా కాలనీ మధ్య నుంచి రోజూ పోయే పిడుగులూ ఉరుములూ అన్నీ నిద్రలో నడుస్తున్నాయన్న మాట! నేను వాకిట్లో నిలబడి పళ్లు తోముకుంటూ ముచ్చటపడింది వాటిని చూసే.

"ఆ మలుపు కాడనే నా బడి పిల్లలు రోడ్డు దాటుతరు" అంది నాజియా టీచర్. మెల్లగా అంది గానీ అందరికీ వినబడింది.

"ఆ దినం నా హోటలు పోయింది, మంచిదే అయ్యింది" అంది సారవ్వక్క. "పిల్లలు నిలవడ్డ ఏళ గాలి రాలే. సారూ, నువ్వు ఈ గేటు కాడ, అందరి ముంగట చెప్పు. ఒక్క షిఫ్టు చేసినోడు ఇంటికి పోయి పండాలె. వీని మీద కేసు గాదు, మీ కంపెనీ మీద రాయాలె. అప్పుడు అల్పపీడనం బలహీనపడ్తది. లేకుంటె ఇది వాయుగుండం గూడ అయితది. నాకెరుక లేదు."

రుత్విక్ గారు ఎస్సై వైపు చూశారు. ఎస్సై పిడుగు డ్రైవర్ వైపు చూస్తున్నాడు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. చివరికి చెప్పారు. హోటల్ కట్టిస్తామన్నారు. సదయ్య బావ చెయ్యి బాగయ్యేదాకా దవాఖాన ఖర్చు తమదేనన్నారు. ఇక నుంచి డబుల్ డ్యూటీ ఉండదన్నారు. పోశం డ్యూటీకి రావచ్చన్నారు. ఎస్సై సారవ్వక్క చెప్పిన మాట చెప్పినట్టు రాసుకున్నాడు. కంపెనీ పేరు మొదట, పోశం పేరు ఆ తర్వాత. పోశం పేరు అసలు లేకుండా రాయడం తన చేతిలో లేదని చెప్పాడు. పోశం తలూపాడు. సారవ్వక్క కాసేపు ఆలోచించి, తనూ తలూపింది.

మధ్యాహ్నం కాకముందే అల్పపీడనం బలహీనపడింది. నలుగురు డ్రైవర్లు కలిసి దాన్ని కాలనీ దాకా తోసుకొచ్చారు.

ఇప్పుడు హోటల్‌కు కొత్త రేకులు వచ్చాయి. సదయ్య బావ ఎడమ చేత్తో చాయ్ తాగడం నేర్చుకున్నాడు. సగం తాగుతాడు, సగం చొక్కాకు పోస్తాడు. బొగ్గు బండ్లకు వేరే రోడ్డు మాత్రం ఇంకా రాలేదు.

టిప్పర్ల మీద వాతావరణం పేర్లు చెరిపేశారు. రుత్విక్ గారు ఊరుకునే మనిషా? కొత్త పేర్లు రాయించారు. ఓర్పు, దయ, శాంతి, కరుణ. నిన్న పొద్దున ఓర్పు దయను ఓవర్‌టేక్ చేసి, శాంతికి అద్దం పగలగొట్టింది. రేపు ఎవరినైనా కరుణ గుద్దితే ఆ అదృష్టవంతుడు ఏ ఆఫీసుకు పోవాలో నాకింకా అంతుబట్టలేదు.

డబుల్ డ్యూటీ కూడా పోయింది. ఇచ్చిన మాట తప్పలేదు. దాని పేరు ఇప్పుడు ఉత్సాహ షిఫ్టు. ఉత్సాహం ఉన్నవాళ్లే ఎక్కాలట, బలవంతం లేదట. ఎక్కనివాళ్ల పేర్లు మాత్రం ఊరికే గుర్తుపెట్టుకుంటారట.

ఇవాళ పొద్దున నేను చాయ్‌కి వెళ్లేసరికి హోటల్ బల్ల మీద పోశం వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. ఉత్సాహ షిఫ్టు ఎక్కమంటే, "నాకు ఉత్సాహం లేదు సారూ" అని నేరుగా ఇక్కడికి వచ్చేశాడట. నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. ఈగలు వాలుతున్నా తెలియడం లేదు. కూర్చోవడానికి చోటు లేక మొదటి షిఫ్టు వాళ్లు నిలబడే తాగుతున్నారు.

నేను భుజం తట్టబోయాను. సారవ్వక్క పొయ్యి దగ్గర్నుంచే కసిరింది. "లేపకు తమ్మీ! పండనియ్యి. నువ్వు గిట్ల గోడకు ఆనుకోని తాగు."

గోడకు ఆనుకున్నాను. ఈ బొగ్గు బెల్టులో టిప్పర్ డ్రైవర్లు నిద్రపోవడం నేను చాలాసార్లు చూశాను. స్టీరింగు ముందు కాకుండా చూడటం మాత్రం ఇదే మొదటిసారి.